పెద్దబాపు అడిగిన గుర్తులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుణ్ణి అడగకుండా వంకాయ నారు కూడా పోసేవాళ్లు కాదు. అడిగేది మా పెద్దబాపు. అంటే మా నాన్నకు అన్న. చేవెళ్లకూ మొయినాబాదుకూ నడుమ, పెద్దరోడ్డు దిగి మైలున్నర నడిస్తే వచ్చే ఊరు మాది. ఊళ్లో సగం ఇళ్లు మా క్రైస్తవులవి, సగం హిందువులవి. తోటలు మాత్రం అందరికీ ఉండేవి. పెద్దబాపు పండించిన టమాటా, వంకాయ, గోకరకాయ పొద్దున్నే బస్సు టాపు మీదికెక్కి పట్నం పోయేవి. ఆయన మంచి రైతు, మంచి భక్తిపరుడు, చర్చిలో గంట కొట్టే పని కూడా ఆయనదే. ఒక్కటే ఇబ్బంది. ఏ పనికీ తనంతట తాను సరే అనేవాడు కాదు. పైనుంచి గుర్తు రావాలి.

ఒకసారి ఎద్దును కొనడానికి పోయి, "ప్రభువా, దీన్ని కొనమంటవంటే ఇది నా దిక్కు చూడాలె" అని దాని ముందే కళ్లు మూసుకొని నిలబడ్డాడట. కళ్లు తెరిచేసరికి ఎద్దు ఆయన్నే చూస్తోంది. ఎదురుగా ఒక మనిషి కళ్లు మూసుకొని గొణుగుతూ ఉంటే ఏ ఎద్దయినా చూస్తుంది కదా. అయినా ఆయనకు సందేహమే. నన్ను చూసిందా, నా భుజం మీది తువ్వాలను చూసిందా అని. ఇంకో గుర్తు అడుగుదామనుకునే లోపల ఆ ఎద్దును వేరే ఊరి వాళ్లు తోలుకుపోయారు. మా నాన్న ఆ కథ చెప్పి నవ్వేవాడు. మా నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు. "మొదటి సంది వాడు గిట్ల లేడు బిడ్డా" అనేదంతే. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

పెద్దమ్మ పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. నాకు ఆమె ముఖం గుర్తు లేదు. పెద్దబాపుకు పిల్లలు లేరు. ఆయన అన్నం మా ఇంట్లోనే తినేవాడు, మాటలు మాత్రం తన ఎద్దులతో మాట్లాడుకునేవాడు.

నేను ఐదో తరగతికి వచ్చిన ఏడు మొయినాబాదు నుంచి ఒక టీచరమ్మ మా ఊరి బడికి వచ్చి, మా పక్కింట్లో కిరాయికి దిగింది. మా సంఘం మనిషే. మంచాన పడ్డ తండ్రిని కనిపెట్టుకొని ఉండడంతో పెళ్లి సంగతి పక్కకు పోయి, ముప్పై ఆరేళ్లు వచ్చేశాయని మా అమ్మ చెప్పేది. ఆ తండ్రి పోయాక తల్లి మొయినాబాదులో ఒక్కతే ఉండేది. టీచరమ్మ ఇల్లు చూస్తే మా అందరికీ భయం. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని, పప్పు డబ్బా మీద పప్పు అని చీటీలు. మూడు కోళ్లు పెంచేది. బడిలో ఎక్కాలు అప్పజెప్పించేది. పదమూడో ఎక్కం దగ్గర నా అరచేతికీ ఆమె బెత్తానికీ రోజూ పరిచయమే.

వానాకాలం వెళ్లిపోయాక ఒక ఆదివారం మా పాస్టరుగారి భార్య మా నాయనమ్మతో ఈ ఇద్దరి పెళ్లి సంగతి కదిపింది. నాయనమ్మ ఒప్పుకుంది. మా అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. టీచరమ్మ, "వారినే వచ్చి మాట్లాడమనండ్రి, అప్పుడు నా మాట చెప్త" అన్నదట. పెద్దబాపు మాత్రం, "ప్రార్థన చేసుకొని చెప్త" అన్నాడు.

అట్లా అని రెండున్నర నెలలు చెప్పలేదు.

ఆ రెండున్నర నెలల్లో ఆయన ఏమేం అడిగాడో ఊరంతటికీ తెలుసు. ఎందుకంటే పెద్దబాపుకు గట్టిగా ప్రార్థన చేసే అలవాటు, మా తోటకు గోడల్లేవు. గండిపేట దిక్కు నుంచి మబ్బు వచ్చి కాలం కాని కాలంలో తోట మీద కురిస్తే సరే అనుకుంటానన్నాడు. నాలుగో రోజు కురిసింది. "పక్కోళ్ల తోటల గూడ కురిసింది గదా, నాకొక్కనికే అయితే అనుకోవచ్చు" అన్నాడు. తర్వాత, పొద్దుటి చేవెళ్ల బస్సు ఒక్కరోజైనా వేళకు వస్తే సరే అన్నాడు. ఆ బస్సు వేళకు రావడం ఊళ్లో ఎవరూ చూసినవాళ్లు లేరు. మరునాడే వచ్చింది. ఊళ్లో సగంమందికి అది తప్పిపోయింది, పెద్దబాపు టమాటా గంపలతో సహా. గంపల పక్కన నిలబడి దుమ్ము కేసి చూస్తూ, "కొత్త డ్రైవరంట. మన రోడ్డు సంగతి ఆయనకింక తెల్వది" అని తేల్చేశాడు.

దేవుడు విసుగు లేకుండా జవాబు చెప్తున్నాడు, పెద్దబాపు విసుగు లేకుండా కొట్టేస్తున్నాడు.

ఇంతలో టీచరమ్మకు బదిలీ కాగితం వచ్చింది. వికారాబాదు అవతల ఏదో పల్లె. వచ్చే సోమవారం కల్లా అక్కడ చేరాలి. బుధవారం సాయంత్రం ఆమె డబ్బాలన్నీ ఒక చెక్కపెట్టెలో సర్దుతుంటే గోడ మీదుగా చూశాను. ఆమె పోవడం నాకు ఇష్టం లేదు. కొట్టేది నిజమే, కానీ పది మందిలో నా చేతిరాత బాగుందని చెప్పిన మనిషి కూడా ఆమే. పైగా నాకో లెక్క ఉండేది. ఆమె నాకు పెద్దమ్మ అయితే ఇక కొట్టదు కదా అని.

ఆ సాయంత్రమే పెద్దబాపు పశువుల కొట్టంలో మోకాళ్లూనాడు. నేను చొప్ప వాము వెనక ఉన్నాను. "ప్రభువా, ఇదే ఆఖరు. ఇంక అడగ. మా ఎర్రపెట్ట రేపు పొద్దటికల్లా ఈ గంపల గుడ్డు పెట్టాలె. పెడితే చేసుకుంట" అన్నాడు. ఎర్రపెట్ట గుడ్డు పెట్టడం మానేసి ఇరవై రోజులైంది. అది ఆయనకూ తెలుసు. ఆయన గొంతు వింటే, గుడ్డు కావాలని అడుగుతున్నట్టు లేదు. పెట్టకపోతే బతికిపోతానన్నట్టు ఉంది.

నాకు పదేళ్లు. దేవుడికి చిన్న సాయం చేస్తే తప్పేముందనిపించింది. మా ఇంట్లో గుడ్లు తీస్తే నాయనమ్మ లెక్క పట్టుకుంటుంది. అందుకని తెల్లవారుతుండగా, ఇంకా మసకగా ఉన్నప్పుడే, గోడ దూకి టీచరమ్మ వెనక పంచలో గడ్డి బుట్టలోంచి చేతికందిన గుడ్డు ఒకటి తీసుకున్నాను. తెచ్చి పెద్దబాపు గంపలో వరిగడ్డి కింద పెట్టి మళ్లీ వాము వెనక నక్కాను. అప్పటికే ఆ గంపలో వెచ్చగా ఏవో తగిలినట్టు అనిపించింది కానీ చూసేంత ధైర్యం లేదు.

పెద్దబాపు వచ్చాడు. గడ్డి తీశాడు.

గంపలో మూడు గుడ్లు ఉన్నాయి.

ఒకటి తెల్లనిది, ఒకటి ఎర్రనిది, ఒకటి కాస్త చిన్నది. "మూడా?" అన్నాడు మెల్లగా. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ..." అంటూ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. మూడోదాన్ని వెలుతురుకు తిప్పి చూసి అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, గుడ్డును తువ్వాలలో చుట్టుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా చర్చి వైపు పరుగెత్తాడు.

గురువారం పొద్దున చర్చి గంట మోగితే మా ఊళ్లో రెండే అర్థాలు. ఎవరైనా పోయినట్టు, లేదా ఎవరి ఇల్లో అంటుకున్నట్టు. జనం బిందెలతో వచ్చారు, కర్రలతో వచ్చారు. పాస్టరుగారు ఒక చెంప గీసుకొని, రెండో చెంప మీద సబ్బు నురగతో వచ్చారు. మా పక్క తోట హిందూ రైతు కాడెద్దులను అట్లాగే వదిలేసి వచ్చాడు. టీచరమ్మ తలదువ్వుకుంటూ, జడ సగంలో చేత్తో పట్టుకొని వచ్చి వెనక నిలబడింది.

పెద్దబాపు మెట్టెక్కి గుడ్డు పైకెత్తాడు. ఆ మనిషి అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

"దేవుడు మాట్లాడిండు! ఉత్తగ గాదు, రాసిచ్చిండు! సూడుండ్రి, గుడ్డు మీద 'మంగళ' అని రాసున్నది! మంగళకార్యం చేసుకోమని నాకు చెప్తున్నడు!"

గుడ్డు చేతులు మారింది. అందరూ కళ్లు దగ్గరికి పెట్టి చూశారు. నిజంగానే రాసి ఉంది. పక్క తోట రైతు ఏ కల్మషమూ లేకుండా, "అన్నా, మీ దేవునికి తెలుగు గూడ వస్తదా?" అని అడిగాడు. "అన్ని భాషలొస్తయి" అన్నాడు పెద్దబాపు. పాస్టరుగారు కళ్లద్దాలు తెప్పించుకొని చూసి, "చేతిరాత మాత్రం శుభ్రంగ ఉన్నది" అన్నారు.

గుడ్డు నా దాకా వచ్చింది. ఆ 'ళ' నాకు తెలుసు. తోక కాస్త పొడుగ్గా లాగి వదిలే ఆ 'ళ'ను పలక మీద యాభై సార్లు దిద్దించిన చెయ్యి ఎవరిదో కూడా తెలుసు. మసకలో గుడ్డు మీద రాత ఉంటుందని ఎవరు మాత్రం చూస్తారు!

వెనక నుంచి టీచరమ్మ గొంతు వినిపించింది. "అది నా గుడ్డు."

అందరూ తిరిగి చూశారు.

"మా కోడి మంగళవారం పెట్టింది. ఏ దినం పెట్టింది ఆ దినం పేరు పెన్సిల్‌తోటి రాసుకుంట. పాతవి ముందుగాల వండుకోవాలె గదా" అన్నది. జడ అల్లుకుంటూనే, "ఇంట్ల బుధ గూడ ఉన్నది, కావాలంటే తెస్త" అన్నది.

ఊరు ఊరంతా నవ్వింది. బిందెలు కింద పెట్టి మరీ నవ్వారు. పాస్టరుగారి చెంప మీది నురగ ఎగిరిపోయింది. టీచరమ్మ చూపు మాత్రం తిన్నగా వచ్చి నా మీద ఆగింది. ఇక నాకు ఏడుపు ఆగలేదు. గుడ్డును పెద్దబాపు చేతిలో పెట్టి, గోడ దూకిన సంగతి మొత్తం చెప్పేశాను. నేను ముగించకముందే మా నాయనమ్మ గొంతు సవరించుకొని, "ఆ ఎర్రది నేను పెట్టిన కొడుకా" అన్నది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "తెల్లది నాది బావా" అన్నది.

పెద్దబాపు ముగ్గురి వైపూ చూశాడు. "మరి మన పెట్ట పెట్టింది యాడున్నది?"

"అది పెట్టక ఇరవై దినాలాయె కొడుకా, నీకెరుకే గదా" అన్నది నాయనమ్మ.

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. తల వంచుకున్నాడు. నవ్వు మెల్లమెల్లగా అణిగింది. పాస్టరుగారు అందరినీ పనులకు పొమ్మన్నారు. నేను కూడా జారుకుందామనుకున్నాను కానీ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. టీచరమ్మకు తప్పయిందని చెప్పేదాకా కదలొద్దన్నది. అందుకే ఆ తర్వాత జరిగింది నేను చూడగలిగాను.

టీచరమ్మ జడ ముడివేసుకొని వచ్చి ఆయన ముందు నిలబడింది. "మబ్బును అడిగిండ్రు, బస్సును అడిగిండ్రు, ఆఖరికి కోడిపెట్టను గూడ అడిగిండ్రు. గోడ అవతల నేనున్న. రెండున్నర నెలలాయె. నన్ను అడిగిండ్రా?"

"దేవుడు చెప్పకుంట ఎట్ల అడుగుత టీచరమ్మా?"

బెత్తం పట్టే మనిషి కదా, ఇప్పుడు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కింది మెట్టు మీద కూర్చుంది. లెక్క రాని పిల్లవాడి పక్కన కూర్చున్నట్టు కూర్చొని, "మీకు దేనికి భయం?" అని అడిగింది.

పెద్దబాపు గుడ్డును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత నేల చూస్తూ చెప్పాడు. "ఆమెకు జరమొచ్చింది. తమ్ముడు బండి కట్టి దవాఖానకు పోదామన్నడు. నేనే, పొద్దున చూద్దాం తియ్ అన్న. అప్పుడు గుర్తులు గిర్తులు ఏం అడగలే. నా తెలివితోటి నేనే అన్న. పొద్దటికి..." అక్కడ ఆగాడు.

నా చేతిని పట్టుకున్న నాయనమ్మ వేళ్లు బిగిశాయి.

"ఈ సంగతి దేవునికి చెప్పిండ్రా?" అన్నది టీచరమ్మ.

"లే."

"ఎనిమిదేండ్ల సంది ఎద్దు సంగతి చెప్తున్నరు, వంకాయ నారు సంగతి చెప్తున్నరు. ఇది ఒక్కసారన్న చెప్పలేదా?"

"చెప్తే ఏమంటడో అని."

పాస్టరుగారు సగం గీసిన గడ్డంతోనే వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఉపదేశం ఏమీ చెయ్యలేదు. పెద్దబాపు అక్కడే కళ్లు మూసుకున్నాడు. ఊరంతా వినేట్టు ప్రార్థన చేసే మనిషి ఆ రోజు ఎంత మెల్లగా చేశాడంటే నాకు రెండు మాటలే వినపడ్డాయి. ఒకటి పెద్దమ్మ పేరు. రెండోది, "నాకు బుగులైతున్నది తండ్రీ", భయమేస్తోందని. ఆ ప్రార్థనలో అయితే అనీ, వస్తే అనీ, పెడితే అనీ ఏమీ లేవు. కళ్లు తుడుచుకొని లేచి నిలబడ్డాడు.

"టీచరమ్మా, నన్ను చేసుకుంటరా?"

"నేను గూడ ప్రార్థన చేసుకొని చెప్త" అన్నది ఆమె.

పెద్దబాపు ముఖం చూడాలి! "ఎన్ని దినాలు?" అన్నాడు నీరసంగా.

"రేపు సాయంత్రం దాక. గుర్తులేం అడగను, ఫికర్ చెయ్యకండ్రి."

ఆ తర్వాత ముప్పై గంటలు పెద్దబాపు తోటకు పోలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. తను రెండున్నర నెలలు ఇంకో మనిషిని ఎట్లా కూర్చోబెట్టాడో ఆయనకు బాగానే తెలిసొచ్చింది.

శుక్రవారం సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. నాయనమ్మ పక్కన పీట వేసుకొని కూర్చుంది. "నేను కూడా రాత్రంతా ఆలోచన చేసిన, నాకు గూడ భయాలున్నయి, అవి దేవునికి చెప్పుకున్న, ఇప్పుడు మిమ్మల్ని అడుగుత" అన్నది పెద్దబాపుతో. మూడు అడిగింది. నౌకరి మానమంటరా అన్నది. మాననక్కర లేదన్నాడు. మా అమ్మను మొయినాబాదు నుంచి తెచ్చుకుంట అన్నది. ఎడ్లబండి నేనే కట్టుక పోత అన్నాడు. మూడోది అడిగే ముందు పీట కాస్త ముందుకు జరుపుకుంది.

"నాకు జరమొస్తే?"

"ఆ గడియకే తీస్కపోత" అన్నాడు పెద్దబాపు. అంటూనే ఏడ్చేశాడు. మూడింటికీ ఆయన కళ్లు మూసుకోకుండా, పైకి చూడకుండా, ఆమె ముఖం చూస్తూ జవాబు చెప్పడం మా ఇంట్లో అందరం చూశాం.

"అయితే సరే" అన్నది టీచరమ్మ.

పెళ్లయింది. బదిలీ మాత్రం ఆగలేదు. అర్జీ పెట్టుకున్నా ఏడాది పాటు వికారాబాదు అవతలి పల్లెలోనే పనిచేసింది. ప్రతి శనివారం సాయంత్రం పెద్దరోడ్డు మీద బస్సు కోసం పెద్దబాపు నిలబడి ఉండేవాడు. నా లెక్క కూడా తప్పింది. తిరిగి మా ఊరి బడికి వచ్చాక ఆమె పదమూడో ఎక్కం బడిలో ఒకసారి, ఇంట్లో ఒకసారి అడిగేది. దొంగతనానికి శిక్షగా నెల రోజులు ఆమె కోళ్లగూడు నేనే ఊడ్చాను. పంతొమ్మిదేళ్లు కాపురం చేశారు వాళ్లు. ఆమెకు ఒకసారి నిజంగానే పెద్ద జ్వరం వచ్చింది. వర్షంలో బండి కట్టి, చేవెళ్ల దవాఖాన తలుపులు తెరవకముందే పెద్దబాపు అక్కడికి చేర్చాడు. ఆమె లేచి కూర్చుంది. ఆయన దారిలో ప్రార్థన చేస్తూనే ఉన్నాడట, ఎడ్లను అదిలిస్తూనే ఉన్నాడట.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నేనూ నలభై ఏళ్లు బడిపిల్లలతోనే గడిపాను. మా తోటలున్న చోట ఇప్పుడు ఫామ్‌హౌసుల ప్రహరీలు. సంఘంలో పెద్దదాన్నని నా దగ్గరికి మనుషులు వస్తుంటారు. దొంతన్‌పల్లి కాలేజీలో సీటు వచ్చింది, చదవాలా వద్దా అని ఒక పిల్ల. అజీజ్‌నగర్‌లో కాపలా పని మానేసి సొంతంగా నర్సరీ పెట్టాలా అని ఒకాయన. ఫలానా సంబంధానికి ఒప్పుకోవాలా అని ఇంకో అమ్మాయి. "ప్రార్థన చేసి దేవుడేమంటున్నడో చెప్పమ్మా" అంటారు. నేను టీ పెట్టి ఇచ్చి, ముందు ఒకటే అడుగుతాను, నీకు దేనికి భయం అని. సగంమంది ఆ మాటకు ఏడుస్తారు. తర్వాత ఇద్దరం కలిసి ఆ భయాన్ని దేవుని ముందు పెడతాం.

నా సంగతి కూడా అంతే. పెళ్లప్పుడు, మా ఆయన ఆపరేషన్ అప్పుడు, ఉద్యోగం ముందే వదులుకోవాలా అని తికమకపడ్డప్పుడు, మోకాళ్లూనగానే ఏ దారి చూపిస్తావని అడగలేదు. నాకు ఫలానాదానికి బుగులుగా ఉంది తండ్రీ, అని మొదలుపెట్టాను. చాలాసార్లు అంతకంటే ముందుకు పోలేకపోయాను. కానీ లేచేసరికి, చెప్పులేసుకొని ఎవరి ఇంటికి పోవాలో, ఎవరి ముఖం చూసి అడగాలో నాకు తెలిసే ఉండేది.